మూత్రనాళం మెరిసిందని నిశ్చింతగా ఉండొచ్చా?

పెద్దపేగు ఆపరేషన్ చేసే సర్జన్ కన్ను పేగు మీద ఎంత ఉంటుందో దాని వెనకాల పోయే మూత్రనాళం మీద కూడా అంతే ఉండాలి. దాన్ని కెమెరాలో మెరిసేలా చేసే డైలు ఉన్నాయి, వాటిని ఎంతవరకు నమ్మొచ్చన్నదే ఇక్కడి ప్రశ్న. కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా 25-30 సెంటీమీటర్ల పొడవుంటుంది, లావు మాత్రం 3-4 మిల్లీమీటర్లే, రక్తనాళం అనుకుని పొరబడటం చాలా ఈజీ. ఎడమవైపుది మరీ రిస్కు, ఎందుకంటే సిగ్మాయిడ్ పేగుని (పెద్దపేగులో చివరి వంపు భాగం) లేపేటప్పుడు సరిగ్గా దాని కిందే ఉంటుంది.

ఇది తెగడమో కాలడమో అరుదే, వందమందిలో ఒకరికి అటూ ఇటూగా, చాలాచోట్ల అంతకన్నా తక్కువే. కానీ ఆపరేషన్ టేబుల్ మీదే కనిపెడితే అక్కడికక్కడే కుట్టేయొచ్చు, కనిపెట్టకపోతే కొన్ని రోజులకి కడుపులో మూత్రం చేరి, ఇన్ఫెక్షన్ వచ్చి, మళ్ళీ ఆపరేషన్లు, ఒక్కోసారి కిడ్నీయే పోతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ కనిపెట్టకపోవడమే.

పాతకాలంలో చేత్తో తడిమి చూసేవాళ్ళు, మెల్లగా తాకితే మూత్రనాళం పాకినట్టు కదులుతుంది, దాంతో గుర్తుపట్టేవాళ్ళు. లాపరోస్కోపీ, రోబో వచ్చాక ఆ చేతి స్పర్శ పోయింది. ముందుగా స్టెంట్, అంటే మూత్రనాళం లోపల ఒక సన్నటి గొట్టం, వేసుకుంటే గాయం అయ్యాక తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ, గాయాలు తగ్గుతాయని మాత్రం గట్టిగా రుజువు కాలేదు.

ఇక ఫ్లోరోసెన్స్ సంగతి, అంటే ఒంట్లోకి ఎక్కించిన డై మీద ప్రత్యేకమైన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తే అది కెమెరాలో మెరిసి కనిపించడం. చాలా ఆపరేషన్ థియేటర్లలో వాడే డై ఐసీజీ, అంటే ఇండోసయనిన్ గ్రీన్, పేగుకి రక్తం బాగా వస్తోందా అని చూడటానికి దీన్నే వాడతారు. చిక్కేంటంటే దీన్ని నరంలోకి ఎక్కిస్తే లివర్ లాక్కుని పైత్యరసంలోకి పంపేస్తుంది, మూత్రంలోకి రాదు. అందుకే సిస్టోస్కోపీ చేసి (బ్లాడర్‌లోకి కెమెరా గొట్టం పంపి), కాథెటర్ అనే సన్నటి గొట్టం పెట్టి, నేరుగా మూత్రనాళంలోకే ఎక్కించాలి. అప్పుడు గోడకి అంటుకుని ఆపరేషన్ అంతా మెరుస్తుంది, బాగానే ఉంది, కానీ స్టెంట్, కాథెటర్ లాంటి గొట్టాలు వద్దనుకునే కదా మనం ఇటు వచ్చింది! మిథిలీన్ బ్లూ అనే ఇంకో డై కొంతవరకు మూత్రంలోకి వస్తుంది, కానీ వెలుగు బలహీనం, పైగా 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మెరుస్తుంది కాబట్టి 800 దగ్గర చూసే ఐసీజీ కెమెరాకి పెద్దగా చిక్కదు. డిప్రెషన్‌కి ఎస్ఎస్ఆర్ఐ మందులు వాడేవాళ్ళకి, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళకి అది ప్రమాదం కూడా. నిజారసయనిన్, పుడెక్సాసయనినియం లాంటి కొత్త డైలు కిడ్నీ ద్వారానే పోయేలా తయారుచేసినవి, మనుషుల మీద ట్రయల్స్ కూడా చేశారు, నా ఆశంతా వీటి మీదే.

అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కణజాలంలో మహా అయితే ఒక సెంటీమీటర్ లోతు దాకా పనిచేస్తుంది. కొవ్వు ఎక్కువున్నవాళ్ళు, రేడియేషన్ తీసుకున్నవాళ్ళు, ఇంతకుముందే ఆపరేషన్ అయి లోపల అంతా అతుక్కుపోయినవాళ్ళు, అంటే ఎవరికైతే ఇది ఎక్కువ అవసరమో వాళ్ళలోనే వెలుగు తక్కువ కనిపించే అవకాశం ఉంది. కిడ్నీ సరిగా పనిచేయకపోయినా, దారి మూసుకుపోయినా మూత్రంలోకి డై దిగదు. కాబట్టి మెరవలేదు కదా, ఇక్కడ మూత్రనాళం లేదులే అని కట్ చేస్తే అంతకన్నా ఘోరం ఉండదు. ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లకి ముందు అనాటమీతో వెతకడం నేర్పాలి, కెమెరా మోడ్ తర్వాత.

గాయాలే అరుదు కాబట్టి, డై వల్ల నిజంగా తగ్గాయని చూపించాలంటే వేలమంది పేషెంట్లు కావాలి. అందుకే చాలా స్టడీలు కనిపించిందా, ఎంత త్వరగా కనిపించింది అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. కిడ్నీ నుంచి వచ్చే డైకి ఇంకో ఉపయోగం ఉంది, దాని గురించి ఎక్కువ మాట్లాడాలి: కడుపు మూసేముందు ఒకసారి ఫ్లోరోసెన్స్ మోడ్‌లో చూస్తే మూత్రం లీకవుతున్న చోట వెలుగు బయట పరుచుకుని కనిపిస్తుంది, అప్పుడే యూరాలజిస్ట్‌ని పిలిచి కుట్టించొచ్చు. వేడికి కాలిన గాయం మాత్రం ఇందులో దొరక్కపోవచ్చు, అది రోజుల తర్వాత చిల్లుపడుతుంది, కాబట్టి ఆపరేషన్ తర్వాత జ్వరం, నడుం పక్కన నొప్పి, డ్రెయిన్‌లో (కడుపులోంచి బయటికి పెట్టిన గొట్టంలో) నీళ్ళు ఎక్కువ రావడం లాంటివి ఉంటే అది మూత్రమేమో తేల్చడానికి ఆ నీళ్ళలో క్రియాటినిన్ (మూత్రంలో ఎక్కువగా ఉండే వ్యర్థపదార్థం) టెస్ట్ చేయించాల్సిందే, థియేటర్‌లో ఎంత బాగా మెరిసినా సరే.