నాలుగో కోడు

వెతుక్కుంటూ వెళ్ళిన పుస్తకం దొరకడమన్నది నా జాతకంలో లేదు. వ్యాకరణం కోసం వెళ్తే తేనెటీగల పెంపకం చేతికొస్తుంది. ఖగోళశాస్త్రం కోసం పాత పుస్తకాల గుట్ట ముందు గొంతుక్కూర్చుంటే నౌకాయానం దొరుకుతుంది. పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ గేటు దగ్గర వదిలేసిన అట్టపెట్టెలో ఓసారి నిఘంటువు కనిపించింది. తీరా ఇంటికి తెచ్చి చూస్తే అది ‘క’ నుంచి ‘న’ దాకా ఉన్న సంపుటం. అందుకని మా ఇంట్లో కప్పకీ, గాలికీ, నక్షత్రానికీ అర్థాలు ఉన్నాయి. ‘అర్థం’ అన్న మాటకే లేదు.

గ్రంథాలయంలో ఇలా జరగదు. 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ లైబ్రేరియన్, పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకెలిచ్చే దశాంశ వర్గీకరణ పెట్టిన పుణ్యమా అని అక్కడ ఒక పుస్తకం పక్కన దాని చుట్టాలే ఉంటాయి. వంతెనల పక్కన వంతెనలు, పక్షుల పక్కన పక్షులు. పాత పుస్తకాల గుట్టకి వావీ వరసా ఉండవు. నౌకాయానం మీద పసిపిల్లల దగ్గు, దాని మీద శృంగార కావ్యం. చెయ్యి పెట్టి ఒకటి లాగితే మూడొస్తాయి. వచ్చినవాటిని మళ్ళీ అందులో పడెయ్యడానికి మనసొప్పదు.

మొదట్లో అన్నీ అలమరలోనే ఉండేవి. కొన్నాళ్ళకి బల్ల మధ్యలో కిందికి వంగింది. మా బావమరిది ఇంజనీరు. చూసి, “బల్ల పొడవు రెండింతలు చేసి, అడుగుకి అంతే బరువు పెట్టినా, వంపు పదహారింతలవుతుంది బావా. అదే మందం రెండింతలు చేస్తే ఎనిమిదో వంతుకి పడిపోతుంది” అని లెక్క చెప్పాడు. లెక్క చెప్పాడే కానీ మందం బల్ల తెచ్చివ్వలేదు. దాంతో పుస్తకాలు అలమర దిగి గోడవారకి చేరాయి. గోడవార నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా వచ్చాయి. నేను జరపలేదు. వాటంతటవే వచ్చాయని నా అనుమానం.

అలాంటి రోజుల్లో ఆ గదిలో ఉన్న మంచానికి ఒక కోడు విరిగింది. వడ్రంగి రేపొస్తానన్నాడు. వడ్రంగుల ‘రేపు’ సంగతి తెలిసిన మా ఆవిడ, నాతో ఒక్క మాట కూడా అనకుండా దొంతరల్లోంచి నాలుగు లావుపాటి పుస్తకాలు తీసి విరిగిన కోడు స్థానంలో పేర్చేసింది. మంచం నిక్షేపంగా నిలబడింది.

గ్రంథాలయాలకి మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు ప్రచురించారు. వాటిలో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికి. ఆ సూత్రాన్ని మా ఇంట్లో తు.చ. తప్పకుండా పాటిస్తున్నది మా ఆవిడొక్కతే. అయిదోది మాత్రం ఆవిడ ఒప్పుకోదు. గ్రంథాలయం పెరిగే ప్రాణి అంటారు రంగనాథన్ గారు. “పెరగనివ్వండి, వేరే ఇంట్లో” అంటుంది ఆవిడ.

ఇంతలో బావమరిది నాలుగు రోజులుండి పోదామని వచ్చాడు. గదిలో అడుగు పెట్టగానే అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు.

“ఇవన్నీ చదివావా బావా?”

దీనికి నా దగ్గర సిద్ధంగా ఓ జవాబుంది. ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్‌ని కూడా ఎవరో ఇలాగే అడిగారట. ఆయన, “పదోవంతు కూడా చదవలేదు. మీ ఇంట్లో ఖరీదైన పింగాణీ సామాను రోజూ వాడతారా ఏమిటి?” అన్నాడట. వచ్చినవాళ్ళు సాధారణంగా ఇక్కడ నవ్వేసి ఊరుకుంటారు.

“ఆ పింగాణీ బీరువాలో ఉంటుంది. నడిచే దారిలో కాదు” అంది మా ఆవిడ తలుపు దగ్గర నించుని.

నేను ఇంకో మెట్టు పైకెళ్ళాను. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో సర్ థామస్ ఫిలిప్స్ అని ఒకాయన ఉండేవాడనీ, లోకంలో ఉన్న ప్రతి పుస్తకమూ ఒక్కో ప్రతి తన దగ్గర ఉండాలని ఆయన పంతమనీ, ఇల్లు మారాల్సి వస్తే గుర్రబ్బళ్ళకొద్దీ పుస్తకాలు తరలించాడనీ, 1872లో ఆయన పోయాక ఆ సేకరణని అమ్మడానికి వందేళ్ళు దాటి పట్టిందనీ చెప్పాను. ఆయనతో పోలిస్తే మనదో లెక్కా అని నా భావం.

“ఆయన భార్య ఏమందిట?” అంది మా ఆవిడ.

అబద్ధం చెప్పే అలవాటు లేదు కనక చెప్పాను. ఇంట్లో ఒక పక్కనుంచి పుస్తకాలూ, ఇంకో పక్కనుంచి ఎలుకలూ తనని తరిమేస్తున్నాయని ఆవిడ వాపోయిందట.

“మనింట్లో ఎలుకలు లేవు కదా” అన్నాను.

“ఇంకా” అంది.

ఆ రాత్రి బావమరిదికి ఆ మంచమే ఇచ్చాం. కొత్త చోటు కావడంతో నిద్ర పట్టలేదట. బోర్లా పడుకుని చెయ్యి కిందికి వేలాడేశాడు. వేళ్ళకి పుస్తకాల వీపులు తగిలాయి. టార్చి వేసి చూశాడు. అన్నిటికన్నా కింద మన ‘క’ నుంచి ‘న’. దాని మీద ప్లాస్టిక్ అట్ట తొడిగిన వైద్యగ్రంథం. మూడోది ఓ నవల మొదటి భాగం. పైన, రాయిలాంటి పంచాంగ గణితం.

ఇక్కడ మామూలు మనిషైతే మళ్ళీ పడుకుంటాడు. వీడు ఇంజనీరు. మంచం దిగి, ఒక చేత్తో మూల పైకెత్తి, రెండో చేత్తో నవల లాగి, మంచాన్ని మళ్ళీ సున్నితంగా దించాడు. నాలుగింట్లో ఒకటి తగ్గితే కాస్త వాలుగా ఉంటుంది, అంతకన్నా ఏమీ కాదని అంచనా వేశాడట. ఎక్కి చదవడం మొదలెట్టాడు. కథ బాగుంది. కాసేపటికి పక్కకి ఒత్తిగిల్లాడు. అంచనాలో ప్లాస్టిక్ అట్ట సంగతి లేదు. పంచాంగ గణితం ఆ నున్నటి అట్ట మీంచి జర్రున జారింది, దాని వెనకే వైద్యం, దాని వెనకే మంచం. మంచం మూల వెళ్ళి పక్కనున్న దొంతరకి తగిలింది. ఆ దొంతర పక్కదాని మీద పడింది. అది కిటికీ దాకా వరసపెట్టి సాగింది.

ఇల్లంతా అదిరింది. పైవాటాలో లైట్లు వెలిగాయి. “భూకంపం” అని ఎవరో అరిచారు. టెన్షన్‌తో మేమిద్దరం పరిగెత్తుకుంటూ వెళ్ళి లైటు వేశాం. బావమరిది తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టుకుని ఏటవాలుగా పడి ఉన్నాడు. తేనెటీగలు కడుపు మీద, పసిపిల్లల దగ్గు భుజం మీద. దెబ్బలేమీ తగల్లేదు. నవల మాత్రం గుండెల మీద ఉంది. చదువుతున్న పేజీ తప్పిపోకుండా మధ్యలో వేలు పెట్టుకున్నాడు.

“ఒరేయ్, ఏమైందిరా?” అంది మా ఆవిడ.

“అక్కా, అట్టకి ఘర్షణ తక్కువ” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఇంత మంచి నవల ఇంట్లో పెట్టుకుని చెప్పలేదేం బావా?” అన్నాడు.

ఏం చెప్పను? ఆ నవల కోసం నేను ఎప్పట్నించో ఇల్లంతా గాలిస్తున్నాను. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు, అన్నది రంగనాథన్ గారి మూడో సూత్రం. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలి, అన్నది నాలుగోది. వీడు పడుకున్నచోటు నుంచే చెయ్యి చాచి రెండు సూత్రాలూ ఒక్క దెబ్బకి నెరవేర్చేశాడు.

తెల్లారాక అసలు గొడవ మొదలైంది. నవల వాడు వదలనన్నాడు. అంటే దాని చోట్లో అంతే మందం ఉన్న పుస్తకం కావాలి. మా ఆవిడ టేపు తెచ్చి మూడున్నర సెంటీమీటర్లని తేల్చింది. ముగ్గురం నేల మీద కూర్చుని కూలిన గుట్టలన్నీ తిరగేశాం. నా చేతికొచ్చిన ప్రతిదీ నాకు వెంటనే చదవాలనిపించింది. ఇన్నేళ్ళుగా ముఖం చూడని పుస్తకాలు కూడా, మంచం కింద పెడతామనేసరికి మహాకావ్యాల్లా కనిపించడం మొదలెట్టాయి. తేనెటీగలు వద్దన్నాను, వాటిలో రాణి ఈగ ఎన్నిక ఎలా జరుగుతుందో అప్పుడే తెలుస్తోంది. ముసలి రాణి పోతే, కూలి ఈగలు కొన్ని మామూలు పిల్లపురుగుల్నే ఎంచి, వాటిని మామూలు మేతకి మార్చకుండా రాజాహారం మీదే పెంచి కొత్త రాణిని చేసుకుంటాయట.

“మీరు చదవకండి, కొలవండి” అంది మా ఆవిడ.

చివరికి గుట్ట అడుగునుంచి ఒకే పుస్తకం రెండు ప్రతులు బయటపడ్డాయి. రెండింటి కాగితాలూ విడిపోనే లేదు. మామూలుగా అయితే ఇది ఇంట్లో వారం రోజుల గొడవకి సరిపడా సరుకు. కానీ రెండూ కలిపి పెడితే మందం అచ్చుగుద్దినట్టు కుదిరింది. అలా నా పరువు నిలబడింది, మంచమూ నిలబడింది. వైద్యగ్రంథానికి ప్లాస్టిక్ అట్ట ఊడదీసి మరీ పెట్టారు.

బావమరిది నవల సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. వడ్రంగి ఇంకా రేపొస్తానంటున్నాడు.

మొన్న బావమరిది ఫోను చేశాడు. పూర్తయిందట. సరిగ్గా ఉత్కంఠగా ఉన్నచోట ఆగిపోయిందట. రెండో భాగం ఎక్కడుందో చెప్పు బావా అని ఒకటే గోల. నాకేం తెలుసు? ఫోను పట్టుకునే వెతకడం మొదలెట్టాను.

“వెతక్కండి. అది ఫ్రిజ్ కింద ఉంది, వెనక ఎడమ వైపు” అంది మా ఆవిడ. ఓ క్షణం ఆలోచించి, “మొదటి భాగం తెచ్చిస్తేనే రెండోది ఇస్తామని చెప్పండి వాడికి. రెండూ ఒకే మందం.”