పైనుంచి ఆజ్ఞ అయింది, అడ్డు చెప్పకండి

ఇద్దరం కలిసి నెత్తికెత్తుకున్న పనిని సగంలో వదిలేస్తూ ఒక పెద్దమనిషి నాతో, "ఇక చాలించమని లోపలినుంచి స్పష్టమైన ప్రేరణ వచ్చిందండీ" అన్నాడు. బద్ధకమంటే పోట్లాడవచ్చు. ప్రేరణతో ఎవరు పోట్లాడగలరు? మిగతా సగం నేను పూర్తి చేయాలన్న ప్రేరణ కూడా ఆయనకే వచ్చిందట. నాకు రావలసిన సందేశం ఆయన చిరునామాకు ఎందుకు వెళ్లిందో పైవాడికే ఎరుక.

దైవవాణిని గుర్తుపట్టడం పూర్వం మహా కష్టంగా ఉండేది. బైబిలులో బాలుడు సమూయేలు పిలుపు విన్న మొదటి మూడుసార్లూ గురువు ఏలీ పిలిచాడనుకుని ఆయన దగ్గరకే పరుగెత్తాడు. దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లమంటే యోనా ప్రవక్త ఎదురుదిక్కున తర్షీషుకు పోయే ఓడెక్కాడు. మోషే తనకు నోరు తిరగదని మొరపెట్టుకున్నాడు. పాపం, అప్పట్లో దేవుడికి మనుషుల అభిరుచులు తెలియవు. ఇప్పుడు బాగా పట్టుబడ్డాయి. జీతం ఎక్కువున్న ఉద్యోగంలోకే పిలుస్తాడు. మనం ఎలాగూ తెంచుకోవాలనుకున్న బంధుత్వాన్నే తెంచుకోమంటాడు.

సంకేతం అడగడం కూడా సులువైంది. అదే బైబిలులోని గిద్యోను దేవుణ్ణి ఉన్ని మీద మంచు కురిపించమని ఒకసారి, ఉన్ని తడవకుండా నేలంతా తడపమని ఒకసారి అడిగి, అంతటితో ఊరుకున్నాడు. మనవాడు కిటికీ దగ్గర నిలబడతాడు. తర్వాత వచ్చే కారు తెల్లదైతే ఉద్యోగం మారాలని అర్థం. నల్లది వస్తుంది. అది వెనక్కి తిరుగుతోంది కనుక లెక్కలోకి రాదు. ఎర్రది వస్తుంది. డ్రైవరు చొక్కా అయినా తెల్లగా ఉందేమోనని తొంగి చూస్తాడు. రాత్రి పొద్దుపోయాక, దీపాల వెలుగులో ఒక బూడిదరంగు బండి తెల్లగా కనిపించీ కనిపించనట్టు సాగిపోతుంది. కళ్లు చెమ్మగిల్లుతాయి. ఫోను తీస్తే టైము సరిగ్గా 11:11, నాలుగూ ఒకట్లే! అంతకుముందు 11:07కి, 11:10కి అదే ఫోను చూసినప్పుడు ఆకాశం సెలవులో ఉంది కాబోలు. లేని పొత్తులను అల్లుకునే ఈ ధోరణికి 1958లో క్లాస్ కాన్రాడ్ అనే జర్మన్ మనోవైద్యుడు అపోఫీనియా అని పేరు పెట్టాడు. మనవాడికి చెప్పి చూడండి, ఆ మాట సరిగ్గా ఇవాళే తన చెవిన పడటం కూడా సంకేతమేనంటాడు.

గ్రీకు తత్వవేత్త సోక్రటీసుకూ ఒక స్వరం వినిపించేదని ఆయన శిష్యుడు ప్లేటో రాశాడు. అది వద్దని వారించడమే తప్ప ఏనాడూ ఏ పనికీ పురికొల్పలేదు. అలాంటి స్వరం ఇవాళ ఎవరికీ గిట్టుబాటు కాదు. గాంధీ 1933లో తన అంతర్వాణి మాట మీద 21 రోజులు ఉపవాసం ఉన్నారు. నమ్మండి, మానండి, ఎండింది ఆయన కడుపే.

నేటి స్వరాలు పస్తుండమన్నా పక్కవాడినే ఉండమంటాయి. "నువ్వు నా భార్యవు కావాలని దేవుడు చెప్పాడు" అంటూ అమ్మాయి వెంటపడేవాడికి సిగ్గుండాలి. ఆమెకు చెప్పడం దేవుడు మరిచిపోయాడా? బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కన కూర్చుని, ఇందులోని దైవసంకల్పం తనకు తెలిసిందనేవాళ్ల నోటికి అడ్డే లేదా? రోగిని మందులు ఆపమనేవాడిని మాత్రం నేను క్షమించను. తన మాత్రలు ఆపమని ఆ స్వరం తనకెన్నడూ చెప్పదు. పొద్దున్నే రక్తపోటు మాత్ర వేసుకుని వచ్చి, ఎదుటివాడి ఇన్సులిన్ మాన్పిస్తాడు. ఆ మనిషి పడిపోయాక ఫోను ఎత్తడు. ఎత్తినా, రోగికి విశ్వాసం చాలదని తనకు ముందే బయలుపరచబడిందంటాడు.