ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పిల్లలకు చెనక్కాయ చేలోనూ పాఠం ఉంది

అనంతపురంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివే పిల్లల్ని 'తర్వాతేంటి?' అని అడిగితే ఎక్కువగా వినేది ఒకటే మాట: 'నోటిఫికేషన్ పడాలి సార్.' ఆ ఎదురుచూపుల్లో రెండు మూడేళ్లు కరిగిపోతుంటే బాధేస్తుంది.

నోటిఫికేషన్లనే నమ్ముకున్నవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంటే చాలు. మూల వేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. జనరల్ కేటగిరీకి వయసు 30 దాటకూడదు కాబట్టి పీజీ చేస్తూనే రాయడం మంచిది. అందులో చివరి రెండు స్టాటిస్టిక్స్ పేపర్లు వివరంగా రాయాల్సినవి. ఎమ్మెస్సీలో లోతుగా చదివింది అక్కడే అక్కరకొస్తుంది. రిజర్వ్ బ్యాంకు గణాంక విభాగంలో గ్రేడ్-బి ఉద్యోగం కూడా చూసుకోవాలి. స్టాటిస్టిక్స్ పీజీలో 55 శాతం ఉన్నవాళ్లు రాయొచ్చు.

అసలు చిక్కు ప్రైవేటు ఉద్యోగాల దగ్గర వస్తోంది. బెంగళూరు మనకు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి వచ్చే ఊరు. కొత్త మందుల పరీక్షల లెక్కలు చూసేవాళ్లు, అప్పుల రిస్క్ అంచనా వేసే బ్యాంకులవాళ్లు అక్కడే ఉన్నారు. మన పిల్లలు క్రామర్-రావ్ అసమానతను, అంటే ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే సూత్రాన్ని, బోర్డు మీద తడుముకోకుండా నిరూపిస్తారు. సగం గళ్లు ఖాళీగా ఉన్న డేటా ఫైలు ముందు పెడితే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. తప్పు వాళ్లది కాదు, అలాంటి ఫైలు మనం ఎన్నడూ ఇవ్వలేదు. ఆ అసమానతకు పేరిచ్చిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికే.

మనకు అంత దూరం అక్కర్లేదు. పంట దిగుబడి తేల్చడానికి చేసే పంటకోత ప్రయోగాన్ని దగ్గరుండి చూడండి. ర్యాండమ్ నంబర్లతో సర్వే నంబరు తీస్తారు. చెనక్కాయ (వేరుశనగ) చేలో మేకులు కొట్టి, తాడు కట్టి, ఆ గడిలోని చెట్లన్నీ పెరికి కాయ కోసి తూస్తారు. ఆరాక మళ్లీ తూస్తారు. కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో, ప్రధాన పంటకు పంచాయతీని ఒక యూనిట్‌గా తీసుకుంటే కనీసం నాలుగు కోతలు. వంక పక్క చేను ఒకలా కాస్తుంది, గరుసు నేల ఇంకోలా కాస్తుంది. ఆ తూకాల సగటు మీదే యూనిట్‌లో బీమా ఉన్న రైతులందరి పరిహారం ఆధారపడి ఉంటుంది. మరి నాలుగు సరిపోతాయా? సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ ఎంత? తూకం తప్పుపడితే ఎవరు నష్టపోతారు? కొన్నిటిని చూసి మొత్తాన్ని అంచనా వేసే శాంప్లింగ్ పాఠం మొత్తం ఈ ప్రశ్నల్లోనే ఉంది. రెండు ఊళ్ల లెక్కలు సొంతంగా సేకరించి, ఆర్, పైథాన్ లాంటి కంప్యూటర్ భాషలో శుభ్రం చేసి చూపించే పిల్లాడికి ఇంటర్వ్యూలో మాట్లాడటానికి తన సొంత పని ఉంటుంది.

ఇందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. వ్యవసాయ, గణాంక శాఖల జిల్లా అధికారులకు విభాగాధిపతులు ఒక లేఖ రాస్తే మొదలుపెట్టొచ్చు. ఈ ఖరీఫ్‌లో కాయ పెరికేలోపు ఆ లేఖ వెళ్లాలి.