ఉలవలు విత్తారా, ఏరుకున్నారా?

దక్కన్‌లో బూడిద దిబ్బలు మిగిల్చిన నవీన శిలాయుగపు జనం రైతులా, మందలు తోలుకుంటూ అడవి గింజలు ఏరుకున్నవాళ్లా? మామయ్యకీ మేనకోడలు రమణికీ ఇదే పేచీ.

మామయ్య: పాలమూరు వైపు ఉట్నూరు దిబ్బ తవ్వితే ఏం బయటపడింది? కాలిన పేడ, గిట్టల అచ్చులు. నాగలి జాడ లేదు. వాళ్లు కాపరులమ్మా.

రమణి: దిబ్బను చూసి ఊరి సంగతి తేల్చేస్తారా? తవ్విన మట్టిని నీళ్ల తొట్టిలో కలిపితే బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. బళ్లారి దగ్గర సంగనకల్లులో, కడప వైపు హనుమంతరావుపేటలో తేలినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి సంగతి.

మామయ్య: గింజ దొరికితే సాగు చేసినట్టేనా? అండుకొర్ర అడవిలోనూ మొలుస్తుంది. దూసుకొచ్చి దంచుకుని ఉంటారు.

రమణి: ఉలవ పొట్టు చూడండి. అడవి ఉలవకి పొట్టు మందం. వాన పడ్డా అన్నీ ఒకేసారి మొలవవు, కొన్ని మరో ఏటికి ఆగుతాయి. విత్తి కోసేవాడికి అందేది వెంటనే మొలిచిన మొక్క కాయలే, మళ్లీ విత్తనమూ వాటిదే. అలా తరాలు గడిచేకొద్దీ పొట్టు పలచనవుతుంది. 2017లో పాతకాలపు గింజల్ని పరిశోధించే చార్లీన్ మర్ఫీ, డోరియన్ ఫుల్లర్ పాత ఉలవల్ని పగలగొట్టకుండానే సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం పుట్టించే బలమైన ఎక్స్‌రేలతో ఆ మందం కొలిచారు. క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలోనే పలచటి పొట్టు కనబడింది. ఏరుకు తింటే పొట్టెందుకు మారుతుంది?

మామయ్య: అన్నిటికీ మారిపోయిందా?

రమణి: లేదు. పూర్తిగా స్థిరపడేసరికి క్రీస్తుశకం వచ్చింది.

మామయ్య: చూశావా! ఇంకోటి, నిప్పులో పడి మాడిందే మిగులుతుంది. వేయించేటప్పుడు ఉలవ జారి పొయ్యిలో పడుతుంది. ఆకుకూర మిగులుతుందా? గడ్డలు తవ్వుకు తిన్నవాళ్లు నీ తొట్టిలో తేలరు.

రమణి: ఒప్పుకుంటా. గడ్డల మసిముక్కలు దొరికినా ఏ గడ్డో చెప్పడం కష్టం. రేగుపళ్లు కూడా తిన్నారు, ఏరుకోవడం మానలేదు. మరి గోధుమ, బార్లీ మాటేమిటి? కొన్ని ఊళ్లలో అవీ ఉన్నాయి. ఇక్కడి అడవిలో మొలిచేవి కావే!

మామయ్య: దూడనిచ్చి గింజలు తెచ్చుకోవడం కాపరులకి కొత్తా?

రమణి: సంగనకల్లు బండల మీద నూరీ నూరీ గుంటలు పడ్డాయి. అంత నూరుడు బేరానికి తెచ్చిన మూటతోనే సాగిందంటారా?

మామయ్య: అననులే. కానీ ఏరుకొచ్చిన గింజ ఆ గుంటలో నలగదా ఏం?