సక్షన్ ఎక్కువైతే పాలు ఎక్కువ రావు తల్లీ

తల్లిపాలు పిండే పంపుల గురించి "బిజీ అమ్మలకు బెస్ట్ పోర్టబుల్ పంప్: 10 గోల్డెన్ టిప్స్" అనే మెసేజ్ ఈ నెలలో ఎంతమంది పంపారో లెక్కపెట్టడం మానేశాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, మా బావగారి పెళ్లికి పెట్టిన బంధువుల గ్రూపులో కూడా వచ్చింది. చివరికి మా పిన్ని "నీకు పనికొస్తుందే, చూడు" అని విడిగా పంపింది. పిన్ని మీద నాకేం కోపం లేదు. రాసినవాళ్ల మీదే. మా టీమ్‌లో ఒకమ్మాయికి మొదటి కాన్పు, వచ్చే నెల మళ్లీ డ్యూటీలో చేరాలి. ఈ మెసేజ్ చదివి, డబ్బా మీద నంబరు చూసి పంపు ఆర్డర్ పెట్టేసింది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు, చివరి పాయింటులో కలిపేసిన చిల్లర టిప్పులు తీసేద్దాం. యాప్‌తో కనెక్ట్ అయ్యేది కొనాలట. ఎన్ని పాలు వచ్చాయో సీసా మీద గీతలే చెబుతాయి. నైట్ లైట్ ఉండాలట. ఇంట్లో జీరో బల్బు లేదా? లేత గులాబీ రంగు మనసుకు ప్రశాంతత ఇస్తుందట. ఇస్తే మంచిదే, ఇవ్వనివ్వండి.

ఇక అసలుది, మొదటి పాయింటు: "సక్షన్ 350 ఎంఎంహెచ్‌జీ పైన ఉన్నదే కొనండి. ఎంత గట్టిగా లాగితే అన్ని పాలు. మొదట్లో నొప్పి మామూలే, అలవాటైపోతుంది."

సక్షన్ అంటే పంపు లాగే బలం, ఎంఎంహెచ్‌జీ దాన్ని కొలిచే యూనిట్. మిగతావాటిలో చాలావరకు తప్పయితే డబ్బు పోతుంది, టైం పోతుంది. ఇది తప్పయితే ఒళ్లు పోతుంది.

పాలు చేపాలి. చేపకుండా ఎంత లాగినా వచ్చేది కొన్ని చుక్కలే. బిడ్డ నోరు పెట్టగానే, ఒక్కోసారి బిడ్డ ఏడుపు వినగానే కూడా, తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. పాల గ్రంథుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలు నొక్కుకుని పాలను నాళాల్లోకి తోస్తాయి. ఆ తోసిన పాలను బయటికి తీయడం వరకే పంపు పని. నొప్పి పుట్టినా, కంగారుపడ్డా ఆ చేపు వెనక్కిపోతుంది. అంటే పళ్లు బిగబట్టి మీటను చివరికంటా పెంచినావిడకు పాలు పెరగవు సరికదా, తగ్గుతాయి. తగ్గాయి కదా అని ఇంకా పెంచుతుంది. ఈ మెసేజ్ ప్రకారం ఆవిడ సరిగ్గానే చేస్తోంది మరి!

తరువాత జరిగేది మెసేజ్‌లో లేదు. చనుమొన వాస్తుంది, పగులుతుంది. చుట్టూ కణజాలం ఉబ్బి నాళాలే నొక్కుకుపోతాయి. పాలు సరిగ్గా ఖాళీ కాక రొమ్ము గట్టిపడుతుంది, ఎర్రబడుతుంది, చలిజ్వరం వస్తుంది. అప్పటికీ రాత్రి బిడ్డ పాలకు ఏడవక మానదు. పగిలిన చనుమొనకు ఆ నోరు తగలడం ఎలా ఉంటుందో బాలింతరాలిని అడగండి. "అలవాటైపోతుంది" అని రాసినాయన (ఆయనే అయ్యుంటాడని నా నమ్మకం) దేనికి అలవాటుపడ్డాడో నాకు తెలియదు.

ఎలా వాడాలో కూడా చెబుతాను, పెద్ద విద్యేమీ కాదు. అన్నిటికన్నా తక్కువ దగ్గర మొదలుపెట్టాలి. ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోవాలి. కాస్త ఇబ్బంది అనిపించగానే ఒక మెట్టు దిగి అక్కడే ఆగాలి. అదే మీ నంబరు. పక్కింటి ఆమె నంబరు వేరు, పొద్దున మీ నంబరు వేరు, సాయంత్రం వేరు. పేరున్న కంపెనీల మంచి డబుల్ పంపులే (రెండు వైపులా ఒకేసారి లాగేవి) చాలావరకు సుమారు 250 నుంచి 300 మధ్య ఆగిపోతాయి. ఎక్కువమంది ఆ చివరిదాకా వెళ్లే అవసరమే రాదు. కాబట్టి డబ్బా మీద చూడాల్సింది పై అంకె కాదు. సక్షన్‌లో ఎన్ని మెట్లున్నాయి, వేగం విడిగా మార్చుకోవచ్చా, మొదట తేలిగ్గా టకటకా లాగి చేపు తెప్పించే మోడ్, తర్వాత నిదానంగా లోతుగా లాగే మోడ్ రెండూ ఉన్నాయా అని చూడాలి. బిడ్డ తాగేదీ అలాగే కదా.

రెండో పాయింటు "హాస్పిటల్ గ్రేడ్ అని రాసి ఉండాలి" అంటోంది. ఆ మాటకు స్థిరమైన నిర్వచనం లేదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ ఆ మాటను అసలు గుర్తించదు. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, వేసుకుంటున్నారు.

మూడోది: "ఫన్నెల్ అన్నిటికీ ఒకటే సైజు, దాని గురించి టెన్షన్ వద్దు." ఫన్నెల్ అంటే రొమ్ముకు ఆనించే గరాటు. టెన్షన్ పడాల్సింది దాని గురించే. చాలా పంపుల డబ్బాలో వచ్చేది 24 మిల్లీమీటర్లది, కొన్నింట్లో ఇంకా పెద్దది. చాలామందికి 21, 19, 17 కూడా కావాల్సి వస్తుంది. చనుమొన అడుగు వెడల్పును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుచుకోండి. పాలు పిండిన వెంటనే కాదు, అప్పుడు వాచి ఉంటుంది. చిన్నదైతే చనుమొన గోడలకు రాసుకుని మంట, తెల్లబడటం. పెద్దదైతే చుట్టూ ఉన్న నల్లటి భాగమంతా లోపలికి పోయి లాగుడు, వచ్చే పాలు తక్కువ. పంపు బాగాలేదని రివ్యూల్లో తిట్టేవాళ్లలో సగంమంది తిట్టాల్సింది ఈ గరాటునేమో అని నా అనుమానం. లోపల అమర్చుకునే సిలికాన్ ఇన్సర్టులు దొరుకుతాయి. కొనబోయే మోడల్‌కు అవి దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి. అలాగే డక్‌బిల్ వాల్వు (సక్షన్ నిలబెట్టి పాలను సీసాలోకి వదిలే చిన్న సిలికాన్ ముక్క) విడిగా దొరుకుతుందా అనేది కూడా. అది కొన్నాళ్లకు సాగిపోతుంది, సక్షన్ పడిపోతుంది. మనం మోటారు పోయిందనుకుంటాం. వాల్వు దొరకని పంపు ఎంత చవకైనా నేనైతే కొనను.

నాలుగో పాయింటు చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. "ఒక్కసారికి 200 మి.లీ. రావాలి. రాకపోతే పాలు తక్కువ అని అర్థం, వెంటనే డబ్బా పాలు మొదలుపెట్టండి." డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది. ఇలాంటి మెసేజ్ ఉంటే ప్రకటన ఎందుకు, ఉచితంగా పని అయిపోతోంది. పంపులో వచ్చినవి మీ ఒంట్లో ఉన్న పాలకు కొలత కాదు. బాగా తాగే బిడ్డ లాగినంతగా చాలా పంపులు లాగలేవు. పాలిచ్చే తల్లికి, బిడ్డకు పట్టే బదులు ఒకసారి పిండితే రెండు వైపులా కలిపి 60 నుంచి 120 మి.లీ. రావడం మామూలే. నెల నుంచి ఆరు నెలల వయసులో తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు రోజంతటికీ సుమారు 750 నుంచి 800 మి.లీ. తాగుతారు. అంటే మీరు దూరంగా ఉండే ప్రతి గంటకూ దాదాపు 30. ప్రయాణంతో కలిపి పది గంటలైతే 300. మూడుసార్లు, అవసరమైతే నాలుగుసార్లు పిండితే సరిపోతుంది. బిడ్డ బరువు పెరుగుతోందా, డైపర్లు తడుస్తున్నాయా అన్నవే అసలు లెక్క. అవి తగ్గితే డాక్టరు దగ్గరికి, వాట్సాప్ దగ్గరికి కాదు.

ఐదోది: "ఆఫీసు వాష్‌రూమ్‌లో పది నిమిషాల్లో ముగించేయగల పంపు చూసుకోండి." టాయిలెట్‌లో కూర్చుని టిఫిన్ తినమంటే తింటారా? బిడ్డ తాగేది అక్కడ తయారుచేయమంటున్నారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనే, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామం కాక రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని ఉండేది. 2017 సవరణ 26 వారాల సెలవుతో పాటు, 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట క్రెష్ (చిన్నపిల్లలను చూసుకునే గది) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చని చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవి ఉన్నాయి. పంపు కొనే ముందు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: తలుపుకు గడియ, ఒక కుర్చీ, ప్లగ్ పాయింటు ఉన్న గది కావాలని. గది దొరికితే మీరు కొనాల్సిన పంపే మారిపోతుంది. గది లేదని మీరే ముందు ఒప్పేసుకుని, గది అక్కర్లేని పంపుకు ముప్పై వేలు పెట్టకండి.

ఆరో పాయింటు: "తల్లిపాలు చాలా స్వచ్ఛం, బ్యాగులో సాయంత్రం దాకా ఉన్నా ఏమీ కావు." స్వచ్ఛమే, ఎవరు కాదన్నారు? బయట నాలుగు గంటలు అనే లెక్క 25 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉన్న గదికి. మే నెలలో విజయవాడలో పార్కింగ్‌లో ఉన్న స్కూటీ డిక్కీకి కాదు. గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లతో ఇన్సులేటెడ్ బ్యాగులో పెడితే 24 గంటలు ఆగుతాయి. ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే నాలుగు రోజులు. తలుపు అరల్లో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. బిడ్డ తాగి మిగిల్చినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. ఎంత ఏడుపొచ్చినా సరే. మైక్రోవేవ్‌లో వేడి చేయొద్దు. ఒకచోట గోరువెచ్చగా ఉండి ఇంకోచోట కాలిపోతుంటాయి. పంపుతో పాటు వచ్చే బుజ్జి బ్యాగును చూసి మోసపోకండి. చాలావాటిలో ఐస్ ప్యాక్ పట్టేంత చోటు కూడా ఉండదు.

ఏడోది, "ఆఫీసులో కడగక్కర్లేదు, తడి వైప్‌తో తుడిస్తే చాలు". ప్రతిసారీ కడగాల్సిందే, వేడినీళ్లు, సబ్బుతో. ఆఫీసు సింకులో నేరుగా వేయకుండా విడిగా ఒక టబ్బులో కడిగి, గాలికి ఆరనివ్వాలి. రెండు నెలల్లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు రోజుకోసారి మరిగించాలి కూడా. ఓపిక ఉండదు, తెలుసు. అందుకే మోటారు ఒక్కటి కొని భాగాలు రెండు సెట్లు కొనుక్కోమంటాను. విడదీస్తే నాలుగు ముక్కలయ్యే పంపుకూ తొమ్మిది ముక్కలయ్యే పంపుకూ మధ్య తేడా మధ్యాహ్నం మీటింగ్ ముందు తెలుస్తుంది.

ఎనిమిదోది సెకండ్ హ్యాండ్. "ఫన్నెల్ మరిగించి వాడేయండి." మరిగించేది ఫన్నెల్‌ను, మోటారును మరిగించలేం కదా? పాలు వెనక్కి పోకుండా అడ్డు లేని ఓపెన్ సిస్టమ్ పంపుల్లో ట్యూబులోంచి మోటారు దాకా తేమ వెళుతుంది, లోపల బూజు పడుతుంది. క్లోజ్డ్ సిస్టమ్ అయినా, ఒక్కరి కోసం తయారైన పంపును పంచుకోవద్దనే ఎఫ్‌డీఏ చెబుతోంది. పదిమంది వాడటానికే తయారుచేసిన పెద్ద పంపులు అద్దెకు దొరుకుతాయి, ఎవరి కిట్ వాళ్లు కొనుక్కోవాలి. అదైతే ఫర్వాలేదు. అక్క ఇచ్చింది కదా అని మొహమాటపడకండి. చీరలిస్తే తీసుకోండి.

ఇక తొమ్మిదో పాయింటు, రాసినంతసేపూ నేను పక్కకు నెడుతూ వచ్చినది. "గది దొరకనివాళ్లు, తీరిక లేనివాళ్లు బ్రా లోపల పెట్టుకునే వైర్‌లెస్ పంపు కొనండి." వీటిని నేను ఎప్పుడూ వెక్కిరిస్తూనే ఉంటాను. ధర ఎక్కువ, లాగుడు తక్కువ, చప్పుడు లేదంటారు కానీ మీటింగ్‌లో పక్కనున్నవాళ్లకు వినిపిస్తుంది. అయినా ఈ పాయింటు తప్పని అనలేను. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టమని నేను తేలిగ్గా అనేశాను. బ్యాంకు కౌంటర్‌లో క్యూ వదిలి లేవలేని ఆమె ఎవరికి మెయిల్ పెడుతుంది? ఒకే ఒక స్టాఫ్ రూమ్, అందులో పదిమంది మాస్టార్లు ఉన్న స్కూల్లో టీచరమ్మ? గచ్చిబౌలి నుంచి ఉప్పల్‌కు క్యాబ్‌లో గంటన్నర ఇరుక్కునే ఆమె? పాలు నిలబడేది తరచుగా ఖాళీ అయితేనే. బ్యాగులోంచి రోజుకు ఒక్కసారి మాత్రమే బయటికి వచ్చే బలమైన పంపు కన్నా, మూడుసార్లు పెట్టుకోగలిగిన ఓ మోస్తరు పంపు వీళ్లకు ఎక్కువ పాలు ఇస్తుంది. వీళ్లు అదే కొనాలి.

కొంటే మాత్రం కొన్ని చూసుకోండి. పాలు ఇంకా కుదురుకోని మొదటి వారాల్లో దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పొద్దున్నో రాత్రో ఇంట్లో బిడ్డకు పట్టండి, లేదా మామూలు పంపు వాడండి. గరాటు లోపల దాగి ఉంటుంది కనుక చనుమొన మధ్యలో కూర్చుందో లేదో కనిపించదు, మొదటి కొన్నిసార్లు అద్దం ముందు పెట్టుకోండి. కప్పులో చాలావాటికి 150 మి.లీ. అటూ ఇటూ పడతాయి, వంగితే ఒలుకుతాయి, కాబట్టి పెన్ను కింద పడితే పక్కవాళ్లను తీయమనండి. ఛార్జర్ ఫోన్‌దే సరిపోయేలా టైప్-సి ఉన్నది చూసుకోండి.