మహారాజశ్రీ చికెన్ నూడుల్ సూప్ గారికి

మహారాజశ్రీ చికెన్ నూడుల్ సూప్ గారి దివ్యసముఖానికి, న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్ నుంచి ఒక ఆడపిల్ల తండ్రి రాసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మా అమ్మాయి జలుబు తప్ప అందరం క్షేమం. తమరు కూడా మా ఫ్రిజ్‌లో ఒక గిన్నెలోనూ ఒక డబ్బాలోనూ క్షేమంగానే ఉన్నారు. పొద్దున్నే మూత తీసి చూశాను. అక్కడ చూసినదాని సంగతి చివర్లో చెబుతాను.

విషయం నిన్న శనివారానిది. రెండో క్లాసు చదివే మా అమ్మాయికి ముక్కు దిబ్బడేసింది. రెండు తుమ్ముల మధ్య సందు చూసుకుని "నాన్నా, చికెన్ నూడుల్ సూప్ కావాలి" అంది. మిరియాల చారు కాదు, పసుపు పాలు కాదు, తమరే కావాలట. దెబ్బ తగిలితే మన నోటికి "అమ్మా" అని వచ్చినట్టు, ఈ దేశంలో పుట్టిన పిల్లలకి జలుబు చేస్తే తమరి పేరు వస్తుంది.

అల్మరాలో ఉన్న డబ్బా కోసి పోసి ఉంటే ఐదు నిమిషాల్లో గొడవ వదిలేది. కానీ ఆ రోజు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పిల్ల నోరు తెరిచి అడిగితే డబ్బా కోసి పోస్తామా, అన్నీ మన చేత్తోనే చేద్దాం అనుకున్నాను. తమరి వంటవిధానం నెత్తిన "సులువు" అని రాసి ఉంది. "తయారీకి 20 నిమిషాలు" అని ఉంది. దాని కింద చీమ కాళ్ళంత అక్షరాల్లో "ఉడకడానికి 3 గంటలు" అని ఉంది. పెళ్ళి మాటలన్నీ అయ్యాక, లేవబోతూ, "అబ్బాయికి చిన్న చిన్న అప్పులున్నాయనుకోండి" అని దగ్గుతూ చెప్పినట్టు.

మేం ఎప్పుడూ వెళ్ళే హలాల్ షాపతనికి నేను నోరు తెరిచి చెప్పక్కర్లేదు. నన్ను చూడగానే కోడి తోలు తీసి కూరముక్కలు కొట్టేస్తాడు. ఆ రోజు "తోలు ఉంచండి, ముక్కలు కొట్టొద్దు, మొత్తం కోడి కావాలి" అన్నాను. కత్తి గాల్లో ఆగింది. ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

ఇంటికొచ్చాక సింకు దగ్గర మొదలైంది. ఆరు నెలలు ఉండి వెళ్దామని మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. మా ఆవిడేమో ఇక్కడ నర్సు. "కోడిని కడగొద్దత్తయ్యా, ఇక్కడి వ్యవసాయ శాఖే కడగొద్దంటుంది. నీళ్ళు చింది క్రిములు వంటిల్లంతా పడతాయి. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి తగిలితే అవే చస్తాయి" అంది. మా అమ్మ కోడిని దగ్గరికి లాక్కుని, "వ్యవసాయ శాఖ మనింటికి భోజనానికి వచ్చినరోజు కడక్కుండా వండిపెడదాంలేమ్మా" అంది. ఉప్పూ పసుపూ పట్టించి మూడుసార్లు కడిగింది. మా ఆవిడ బ్లీచ్ స్ప్రే పట్టుకుని ఆవిడ వెనకాలే మూడుసార్లు సింకు కడిగింది. ఇద్దరిలో ఎవరిది రైటని నన్ను అడగలేదు. అడగనందుకు ఇద్దరికీ నమస్కారం.

తర్వాత కోడిని పెద్ద గిన్నెలో కూర్చోబెట్టి చన్నీళ్ళు పోశాను. అమ్మ తొంగి చూసింది. "తలంటు పోస్తున్నావట్రా దానికి?"

ఉల్లిపాయ రెండు పాళ్ళు, క్యారెట్ ఒక పాలు, సెలరీ ఒక పాలు. ఈ మూడింటి తరుగుకి ఫ్రెంచివాళ్ళు మిర్‌ప్వా అని పేరు పెట్టుకున్నారు. 18వ శతాబ్దంలో ఆ పేరుతో ఒక డ్యూక్ గారు ఉండేవారట. మూడు కూరగాయలు తరిగినందుకు జమీందారుగారి పేరు! మా అల్లం వెల్లుల్లి ముద్దకి వెంకటగిరి రాజావారి పేరు పెట్టాలని మాకెప్పుడూ తట్టలేదు. తట్టి ఉంటే ఈపాటికి దాని రేటే వేరుగా ఉండేది.

సెలరీ గురించి తమరిని సూటిగా అడుగుతాను. తమరికి కావలసింది రెండు కాడలు. షాపులో దొరికింది పదకొండు కాడల కట్ట. మిగిలిన తొమ్మిదింటితో ఏం చెయ్యాలో తమరి వంటవిధానంలో ఎక్కడా లేదు. ఈ దేశంలో ప్రతి ఫ్రిజ్ కింది అరలోనూ ఒక సెలరీ కట్ట మెత్తబడుతూ ఉంటుందని నా అనుమానం. విచిత్రమేమిటంటే క్యారెట్, సెలరీ, తమరిలో పడే పార్స్‌లీ, డిల్ ఆకులు అన్నీ మా కొత్తిమీర, జీలకర్ర, వాము కుటుంబంలోవేనట. అంటే తమరికీ మాకూ చుట్టరికం ఉంది. ఇన్నాళ్ళూ రాకపోకలు లేవంతే.

బిర్యానీ ఆకు దగ్గర ఆ చుట్టరికమే బెడిసికొట్టింది. తమరు బే ఆకు అడిగారు, నేను మా పోపులపెట్టె పక్క డబ్బాలోంచి తీసి వేశాను. పావుగంటకి ఇల్లంతా పులావు వాసన. తమరి ఆకు వేరు, మాది వేరు. మాది దాల్చినచెక్క జాతి, నిలువునా మూడు ఈనెలు ఉంటాయి. తమరిదానికి మధ్యలో ఒకటే ఈనె. గరిటెతో వెతికి బయటికి తీశాను. ఈనెలు లెక్కపెట్టుకుని మరీ వంట చేసింది జీవితంలో అదే మొదలు.

ఇక ఆ మూడు గంటల సంగతి. తమరు ఉడకాలి, కానీ మరగకూడదు. మరిగితే రసం కలకబారిపోతుందట. మా వంటకి తెలిసిన మంటలు రెండే, పెద్దది, కుక్కర్ విజిల్ వచ్చాక చిన్నది. తమరికి ఈ రెంటి మధ్యా ఒకటి కావాలి. గిన్నె అంచు దగ్గర ఒక బుడగ రావాలి, అది పగలాలి, కాస్త ఆగి ఇంకోటి రావాలి. మొదటి అరగంట బూడిదరంగు నురగ తేలుతూనే ఉంటుంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, గరిటె అంచుతో నురగని పక్కకి జరిపి, ఎత్తి, నీళ్ళల్లో జాడించి, మళ్ళీ వంగాలి. మీద తేలే బంగారు రంగు నూనె చుక్కలు మాత్రం గరిటెలోకి రాకూడదు. రుచి వాటిలోనే ఉంది. నా కళ్ళద్దాలు ఆవిరి పట్టి, తుడుచుకుని, మళ్ళీ పట్టి, చివరికి అద్దాలు తీసేసి అంచనా మీద తీశాను. గంట కాకుండానే కోడిని బయటికి తీసి, కండ ఒలిచి పక్కన పెట్టి, ఎముకలు మళ్ళీ లోపల వేశాను. కండ అంతసేపు ఉంటే పీచవుతుంది. ఎముకలకే అంతసేపు కావాలి.

అమ్మ మధ్యమధ్యలో వచ్చి "ఇంకా కారం వెయ్యలేదా?" అని అడిగి వెళ్ళింది. వెయ్యరమ్మా అన్నాను. కాసేపు నిలబడి, "ప్రాణం పోయిన కోడికి ఆ మర్యాదన్నా చెయ్యొద్దురా" అంది.

బుడగలు చూస్తూ తమరి జాతకం చదివాను. తమరు పుట్టుకతో పెద్ద ఇంటివారే. 12వ శతాబ్దంలోనే మైమోనిడిస్ అనే యూదు వైద్యుడు జబ్బుపడ్డవాళ్ళకి కోడి రసం మంచిదని రాశాడు. యూదుల ఇళ్ళల్లో అమ్మమ్మల చేతి మీదుగా వచ్చి, వాళ్ళతోపాటు ఓడలెక్కి అమెరికా చేరారు. ఇక్కడికొచ్చాక తమరి దశ తిరిగింది మా న్యూజెర్సీలోనే, ఇక్కణ్ణుంచి కార్లో గంటకి పైన పట్టే క్యామ్‌డెన్‌లో. జర్మనీలో రసాయనశాస్త్రం చదివొచ్చిన జాన్ డొరాన్స్ 1897లో క్యాంప్‌బెల్ కంపెనీలో ఒక ఉపాయం కనిపెట్టాడు. సూపులోంచి నీళ్ళు తీసేసి అమ్మడం, ఇంటికెళ్ళాక నీళ్ళు మీరే పోసుకోండి అనడం. మా ఊళ్ళో పాలాయన దీన్నే తిరగేసి చేసేవాడు. నీళ్ళు పోసినాయన్ని నాలుగు వీధులవాళ్ళూ తిట్టిపోశారు, నీళ్ళు తీసినాయన కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. ఆ డబ్బాలో తమరు 1934లో అడుగుపెట్టారు. 1962లో ఆండీ వార్హోల్ అనే చిత్రకారుడు 32 రకాల సూపు డబ్బాలకి 32 బొమ్మలు గీస్తే అవి ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో గోడెక్కి ఉన్నాయి. మాకు చారు అంటే గోడ మీద ఒలికితే తుడిచేదే.

అసలు మావైపు చారు కూడా ఒకటి దొరల బల్ల ఎక్కింది. తమిళంలో మిళగు తణ్ణి అంటే మిరియాల నీళ్ళు. దొరల నోట్లో పడి ముల్లిగటానీ అయింది. అయితే అందులో మాంసం ముక్కలు పడ్డాకే దాన్ని బల్ల ఎక్కనిచ్చారు.

నూడుల్స్ కూడా ఇంట్లోనే చేద్దామన్న బుద్ధి నాకెందుకు పుట్టిందో తమరికే తెలియాలి. రెండు కప్పుల మైదా, మూడు గుడ్లు, చిటికెడు ఉప్పు. ముద్ద మొదట ఇసుకలా రాలింది, తర్వాత జిగురులా వేళ్ళకి అంటుకుంది, పది నిమిషాలు పిసికాక దారికొచ్చింది. అరగంట నాననిచ్చి, అప్పడాల కర్రతో పల్చగా వత్తి, చుట్ట చుట్టి, కత్తితో సన్నగా తరిగాను. సన్నగా అన్నది నా ఉద్దేశం. అమ్మ ఒకటి వేలితో ఎత్తి పట్టుకుని, "పాలతాలికల్లా ఉన్నాయి, బెల్లం పాకం పెట్టమంటావా?" అంది. జంతికల గొట్టం ఉంటే రెండు నొక్కుల్లో అయిపోయేదిగా అని కూడా అంది. నిజమే. కానీ అప్పటికే కౌంటరు మీద, నా చొక్కా మీద, ఎలాగో ఫోను ఛార్జర్ మీద కూడా మైదా ఉంది.

పదకొండింటికి మొదలుపెట్టిన వంట సాయంత్రం ఆరింటికి బల్ల మీదికొచ్చింది. మా అమ్మాయి స్పూనుతో కలిపి చూసింది. "ఇందులో ఆకులున్నాయి" అంది. తర్వాత "నూడుల్స్ ఎందుకింత లావు?" అంది. నాలుగు స్పూన్లు తాగి, నా మొహం చూసి జాలిపడి ఇంకొకటి తాగి, "బాగుంది నాన్నా, కానీ స్కూల్లోది ఇలా ఉండదు" అంది. స్కూల్లోది డబ్బాలోది. ముక్కు దిబ్బడ మాత్రం కాస్త వదిలింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఎందుకు వదిలిందో కూడా చూశాను. తమరికి కోర్టు కాయితాల్లాంటివి రెండున్నాయి. 1978లో మయామీ బీచ్‌లో డాక్టర్లు పదిహేను మందికి వేడినీళ్ళు, చన్నీళ్ళు, తమరిని వేర్వేరుగా తాగించి ముక్కులో చీమిడి ఎంత వేగంగా కదులుతోందో కొలిచారు. తమరు తగలగానే నిమిషానికి 6.9 మిల్లీమీటర్లు నడిచేది 9.2 నడిచింది. వేడినీళ్ళు కూడా ఇంచుమించు అంత పనీ చేశాయి. తర్వాత 2000లో నెబ్రాస్కాలో స్టీఫెన్ రెన్నార్డ్ అనే ఊపిరితిత్తుల డాక్టరు, వాళ్ళావిడ అమ్మమ్మ చేసే సూపునే ప్రయోగశాలకి పట్టుకెళ్ళాడు. జలుబులో గుంపులు గుంపులుగా పరిగెత్తే తెల్లరక్తకణాలు ఆ సూపు తగిలితే నెమ్మదిస్తాయని తేల్చాడు. అది ప్రయోగశాల పరికరాల్లో తేలిన సంగతి, ముక్కు చీదుతున్న మనిషిలో కాదు. అయినా అత్తగారింటి వంటని అంత శాస్త్రీయంగా పొగిడిన అల్లుణ్ణి నేనింకెక్కడా చూడలేదు. పండక్కి బాగానే పెట్టి ఉంటారు.

నన్ను పొడిచింది మొదటి కాయితం చివరి మాట. ఆ చీమిడి వేగం అరగంటలో మళ్ళీ మామూలైపోయిందట. అయ్యా, ఏడు గంటలు వండితే అరగంట! మా మిరియాల చారు పది నిమిషాల పని. అది కూడా అరగంటే పని చేస్తుందేమో, కానీ లెక్క ఎక్కడో కుదురుతుంది కదా. దానికి సర్టిఫికెట్ లేదు నిజమే. మా నాయనమ్మ ముక్కు తప్ప ఇంకో సాక్ష్యం మా దగ్గర లేదు.

ఇక పొద్దున్న చూసిన సంగతి. ఫ్రిజ్‌లో పెద్ద గిన్నె మూత తీస్తే సూపు లేదు. రాత్రికి రాత్రి నూడుల్స్ రసమంతా తాగేసి, పొట్టలు ఉబ్బి, ఒకదాన్నొకటి కావలించుకుని పడుకున్నాయి. గరిటె నిలబెడితే నిలబడింది. నూడుల్స్ విడిగా ఉడికించి తినేముందు వేసుకోవాలని తమరు నాకు ముందే చెప్పి ఉండొచ్చు. అదృష్టం కొద్దీ కొంత రసాన్ని నూడుల్స్ వెయ్యకముందే ఒక డబ్బాలోకి తీసిపెట్టాను. ఆ డబ్బా వంచాను. రసం కదల్లేదు. లేత పసుపు రంగులో, జున్నులాగ గడ్డకట్టి ఉంది. పాడైపోయిందనుకుని సింకు వైపు నడిచాను.

అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. డబ్బా తీసుకుని, పక్కకి తట్టి, అది వణకడం చూసింది. స్పూనుతో కొంచెం తీసి అరచేతిలో పెట్టుకుంది. అది చేతి వేడికి కరిగి జారింది.

"పారబోస్తావేంట్రా. ఎముకలో జిగురంతా దిగింది. మీ తాతయ్యకి కాలు విరిగినప్పుడు మేక కాళ్ళు తెచ్చి రాత్రంతా కుంపటి మీద పెట్టేదాన్ని, తెల్లారేసరికి ఇట్లాగే కట్టేది" అంది. ఇంకోసారి తట్టి చూసి, "బాగానే కాచావు" అంది.

నలభై రెండేళ్ళలో నా వంట గురించి మా అమ్మ అన్న మొదటి మంచిమాట అది. ఆ మాట తమరివల్లే వచ్చింది కాబట్టి పైన రాసిన ఫిర్యాదుల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఏ సగమో తమరే చూసుకోండి. సెలరీది మాత్రం కాదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
కళ్ళద్దాల మీద ఇంకా నూనె మరక ఉన్నవాడు

తా.క. మిగిలిన తొమ్మిది కాడల గురించి తమరు బెంగ పెట్టుకోవద్దు. అమ్మ చింతపండు నానబెట్టింది.