ఆర్డర్ బై గారికి ఒక విన్నపం

శ్రీ ఆర్డర్ బై గారికి,

ఉభయకుశలోపరి. డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో, అంటే క్వెరీలో, వచ్చిన జవాబును వరసలో పెట్టే మాట మీరు. నాకు కావలసింది ఒక్క అంకె, మొత్తం ఎన్ని ఆర్డర్లు వచ్చాయో చెప్పే అంకె. ఆ పేరంటానికి మీరెందుకు వచ్చారండీ?

పెళ్లిలో విస్తళ్లు ఎన్ని వేయాలో తెలియాలంటే తలలు లెక్కపెడతాం. అంతకుముందు చుట్టాలందర్నీ వయసుల వారీగా వరసలో నిలబెట్టం. మీరు నిలబెడతారు. సరే, పిలిచింది నేనే. జాబితా తెచ్చే క్వెరీని కాపీ చేసి, పైనున్న కాలమ్‌ల పేర్లు కొట్టేసి, ఎన్నున్నాయో లెక్కపెట్టే కౌంట్ స్టార్ పెట్టాను. అడుగున తేదీతో సహా మీరు అలాగే ఉండిపోయారు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు: ఆ కాలమ్ గుంపులుగా విడదీసే గ్రూప్ బైలోనైనా ఉండాలి, కౌంట్ లాంటి అగ్రిగేట్ ఫంక్షన్ లోపలైనా ఉండాలి అంది. అప్పుడే బుద్ధి తెచ్చుకోవాల్సింది. నేనేమో క్వెరీ మొత్తాన్ని బ్రాకెట్లలో కట్టేసి సబ్‌క్వెరీ (లోపలి క్వెరీ) చేసి, బయట కౌంట్ తగిలించాను. ఎర్రర్ పోయింది. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ తీసి చూద్దును కదా, లోపల సార్ట్, అంటే మీ వరసపెట్టే పని, మఠం వేసుకుని కూర్చుంది. ఆ పనికిచ్చే మెమరీ, వర్క్ మెమ్, డిఫాల్టుగా 4 ఎంబీ. అందులో పట్టక డిస్కు మీద రాసి మరీ వరసపెడుతోంది, ఎవరూ చూడని వరస! ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్ నయం, టాప్ (పైనుంచి ఇన్నే తెమ్మనే మాట) లాంటిదేదీ లేకుండా సబ్‌క్వెరీలోకి వస్తే మిమ్మల్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఇన్ని మాత్రమే తెమ్మని చెప్పే మీ తమ్ముడు లిమిట్ ఇంకో రకం. కౌంట్ కింద లిమిట్ 20 అని రాస్తే 20 దాకానే లెక్కపెడతాడనుకున్నాను. వాడు లెక్కంతా అయ్యాక వస్తాడు. అప్పటికి మిగిలేది ఒకే రో (జవాబులో ఒక అడ్డువరస), దాన్నే చేతిలో పెడతాడు. కాబట్టి పేజీకి 20 ఆర్డర్ల చొప్పున చూపే మా జాబితాలో మొదటి పేజీ శుభ్రంగా పనిచేసింది. రెండో పేజీకి ఆఫ్‌సెట్ 20, అంటే మొదటి 20 దాటెయ్యమని కదా, ఉన్న ఒక్క రోనూ దాటేశాడు. మా స్క్రీన్ మీద మొత్తం ఆర్డర్లు సున్నా. టెస్టింగ్‌లో రెండో పేజీ నొక్కినవాళ్లు లేరు, నాతో సహా.

ఒళ్లు మండి, కౌంట్ ఉన్న ప్రతి క్వెరీలోంచీ మిమ్మల్ని పీకేశాను. వారం తిరక్కుండా మేనేజర్ గారు అడిగారు: "చివరి 100 ఆర్డర్లలో ఎన్ని రద్దయ్యాయి?" ఏవి కావాలో వడకట్టే మాట వేర్. లోపల దాంట్లో 'రద్దైనవి' అని రాసి, లిమిట్ 100 పెట్టి, బయట లెక్కపెట్టాను. 100 వచ్చింది.

"వందకు వందా?" ఆయన కుర్చీలోంచి లేచారు.

వేర్ ముందు, లిమిట్ ఆఖరున. అంటే 'రద్దైనవాటిలో ఓ వంద తెచ్చి లెక్కపెట్టు' అని నేనే చెప్పాను, అది లెక్కపెట్టింది. దాని తప్పేముంది? వేర్‌ను బయటికి లాగాను. 9 వచ్చింది. టీ తాగొచ్చి మళ్లీ నడిపితే 14. చేతికందిన వందను తెస్తోంది, ఒకసారి తెచ్చినవే మళ్లీ తేవాలని లేదు.

అప్పుడు గుర్తొచ్చారు మీరు. లోపల తేదీ డిసెండింగ్‌తో (కొత్తవి ముందు) మీరు, మీ వెనకే లిమిట్, బయట వేర్. 11 వచ్చింది. మళ్లీ నడిపాను, 11.

కాబట్టి విస్తళ్లు లెక్కపెట్టేచోటికి రాకండి. మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలో తేల్చేటప్పుడు మాత్రం కబురంపుతాను, మనసులో పెట్టుకోకుండా రండి.

ఇట్లు,
మీ వల్ల రెండుసార్లు తిట్లు తిన్నవాడు

తా.క.: ఒకే సెకనులో రెండు ఆర్డర్లు పడుతున్నాయి, తేదీ ఒక్కటే చూస్తే వాటిలో ఏది ముందో తేలదు. ఈసారి వచ్చేటప్పుడు తేదీ వెంట ఐడీని (ఆర్డర్ నంబరును) కూడా తీసుకురండి.